హారం సున్నా అయితే చెప్పే బటన్: కాసియో ఎఫ్‌ఎక్స్-991 ఈఎస్ ప్లస్ రివ్యూ

ఈ కాలిక్యులేటర్ మీద రివ్యూలు చదివితే అందరూ చెప్పేది దాదాపు ఒకటే: 417 ఫంక్షన్లు, సోలార్ ప్యానెల్, లోపల ఒక బటన్ బ్యాటరీ, ఇంజినీరింగ్ అయ్యేదాకా ఢోకా లేదు, ఐదు స్టార్లు. అదంతా నిజమే. నాకు మాత్రం ఇంజినీరింగ్‌తో పనిలేదు. తెనాలిలో మా ఇంటి వరండాలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకీ, కొంతమంది పాలిటెక్నిక్ పిల్లలకీ లెక్కలు ప్రైవేటు చెబుతాను. ఆ 417లో నేను రోజూ వాడేవి ఓ నాలుగైదు ఉంటాయేమో. అందులోనూ కాల్క్ అనే ఒక్క బటన్ కోసమే ఇది కొనొచ్చని చెప్పడానికి ఈ రివ్యూ. అది హారంలో ఎక్స్ ఉన్న సమీకరణాల దగ్గర పనికొస్తుంది.

విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్నాను. పదమూడు వందల చిల్లర తీసుకున్నారు. పెట్టెలో కాలిక్యులేటర్, జరిపి తొడిగే గట్టి మూత, చీమల్లాంటి అక్షరాలతో ఒక ఇంగ్లిష్ పుస్తకం ఉంటాయి. మూత గట్టిది కాబట్టి పిల్లల బ్యాగుల్లో టిఫిన్ బాక్సు కింద పడి నలిగినా స్క్రీన్‌కి ఏమీ కాదు.

ముందు స్క్రీన్ గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. ఇందులో భిన్నం నోట్‌బుక్‌లో రాసినట్టే పైన లవం, మధ్యలో గీత, కింద హారంగా కనిపిస్తుంది. పాత 991 ఎంఎస్‌లో అంతా ఒకే వరసలో కొట్టాలి. ఎక్స్ ÷ (ఎక్స్ − 2) అని కొట్టాల్సిన చోట బ్రాకెట్ మర్చిపోయి ఎక్స్ ÷ ఎక్స్ − 2 అని కొడితే, అది ఎక్స్‌ని ఎక్స్‌తో భాగించి ఒకటి చేసి, అందులోంచి రెండు తీసేసి, మైనస్ ఒకటి అని ధీమాగా చెబుతుంది. పిల్లలు ఆ ధీమానే నమ్ముతారు. ఈఎస్ ప్లస్‌లో భిన్నం బటన్ నొక్కితే పైనా కిందా రెండు గళ్లు వస్తాయి, వాటిలో నింపుకోవడమే. హారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంటికి కనిపిస్తుంది. ఈ చాప్టర్‌లో సగం తప్పులు హారాన్ని హారంగా చూడకపోవడం వల్లే వస్తాయి కాబట్టి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక అసలు లెక్క. నేను పిల్లలకి మొదటి రోజే ఇచ్చేది ఇది:

ఎక్స్/(ఎక్స్ − 2) + 1/(ఎక్స్ + 2) = 8/(ఎక్స్² − 4)

చూడగానే పిల్లలకి చెయ్యి ఆగదు. ఎక్స్² − 4 అంటే (ఎక్స్ − 2)(ఎక్స్ + 2) అని పట్టేస్తారు. కసాగు అదే. రెండు వైపులా దాంతో గుణిస్తారు. ఎక్స్(ఎక్స్ + 2) + (ఎక్స్ − 2) = 8 వస్తుంది. సర్దితే ఎక్స్² + 3ఎక్స్ − 10 = 0. కారణాంకాలు (ఎక్స్ + 5)(ఎక్స్ − 2). జవాబు −5, 2. రెండింటి చుట్టూ డబ్బా గీసి, పెన్ను మూత పెట్టేసి, నా వైపు చూస్తారు.

ఒక్క అడుగు కూడా తప్పు లేదు. జవాబు మాత్రం తప్పు. ఎక్స్ = 2 పెడితే మొదటి హారమే సున్నా. సున్నాతో భాగించిన భిన్నానికి విలువే లేనప్పుడు అది ఇంకోదానికి సమానం ఎలా అవుతుంది? ఈ సమీకరణానికి మూలం −5 ఒక్కటే. ఆ 2 ఎక్స్‌ట్రేనియస్ రూట్, అంటే లెక్కలో వచ్చి కూడా అసలు సమీకరణానికి సరిపోని జవాబు. మా వరండాలో దాన్ని దొంగ రూటు అంటాం.

ఇప్పుడు తమాషా చూడండి. అనుమానం వచ్చిన పిల్లవాడు కాలిక్యులేటర్‌లో మోడ్ నొక్కి 5 ఎంచుకుని, సమీకరణాల మెనూలో 3 నొక్కి, వర్గ సమీకరణానికి 1, 3, −10 ఇస్తాడు. తడుముకోకుండా 2, −5 అని చెబుతుంది. ‘చూడండి టీచర్, మిషను కూడా రెండని చెప్పింది’ అంటాడు. మిషను అబద్ధమేం ఆడలేదు. దాన్ని అడిగింది ఎక్స్² + 3ఎక్స్ − 10 గురించి. పరీక్షలో అడిగింది దాని గురించి కాదు. హారాలు కొట్టేశాక మిగిలిన సమీకరణానికి, ఒకప్పుడు తన కింద హారాలు ఉండేవన్న సంగతి గుర్తుండదు కదా. ఈ మోడ్ ఎంత బాగా పనిచేస్తే ఈ చాప్టర్‌లో అంత ప్రమాదం. నా ప్రైవేటులో దీన్ని చివరిదాకా ముట్టుకోనివ్వను.

ఇక్కడే కాల్క్ బటన్. ఎడమవైపు షిఫ్ట్ బటన్ కిందే ఉంటుంది, చాలామంది ఎప్పుడూ నొక్కి ఉండరు. పద్ధతి ఇది. మామూలు లెక్కల మోడ్‌లో ఉండి, ఇచ్చిన సమీకరణాన్ని మొదట ఉన్నట్టే, ఏమీ కొట్టేయకుండా, ఎడమవైపు మైనస్ కుడివైపుగా టైప్ చేయాలి:

ఎక్స్/(ఎక్స్ − 2) + 1/(ఎక్స్ + 2) − 8/(ఎక్స్² − 4)

ఈక్వల్ టు నొక్కొద్దు. ఎక్స్ అనే అక్షరం మూసే బ్రాకెట్ బటన్ మీద ఎర్రగా ఉంటుంది. ఆల్ఫా నొక్కి దాన్ని నొక్కాలి. అంతా కొట్టాక కాల్క్ నొక్కితే ఎక్స్ విలువ ఎంతో అడుగుతుంది. −5 ఇచ్చి ఈక్వల్ టు నొక్కితే సున్నా వస్తుంది. మళ్లీ కాల్క్ నొక్కి 2 ఇస్తే మ్యాథ్ ఎర్రర్ అంటుంది. ఎర్రర్ వచ్చాక ఏసీ నొక్కకుండా బాణం బటన్‌తో వెనక్కి వస్తే టైప్ చేసింది చెక్కుచెదరదు కాబట్టి ఎన్ని జవాబులైనా ఒకదాని వెంట ఒకటి పెట్టి చూసుకోవచ్చు.

అంటే స్క్రీన్ మీద వచ్చేవి మూడు రకాలే. సున్నా వస్తే ఆ విలువ మూలం. మ్యాథ్ ఎర్రర్ వస్తే దొంగ రూటు, హారం ఎక్కడో సున్నా అయింది. ఈ రెండూ కాకుండా వేరే సంఖ్య ఏదైనా వస్తే లెక్కలో ఎక్కడో చెయ్యి జారింది, సాధారణంగా గుర్తు దగ్గర. మూడో రకానికీ రెండో రకానికీ తేడా పిల్లలకి తెలియడం చాలా ముఖ్యం. మామూలుగా అయితే జవాబు సరిపోలేదనగానే లెక్కంతా కొట్టేసి మొదటి నుంచి మొదలుపెడతారు. దొంగ రూటు వచ్చినప్పుడు కొట్టేయాల్సింది ఏమీ లేదు, చేసిన అడుగులన్నీ సరైనవే. ఎర్రర్ చూసి ‘అయితే నా లెక్క కరెక్టే’ అని సంతోషించే పిల్లల్ని చూడాలంటే ఈ చాప్టర్ చెప్పాలి.

ఒక జాగ్రత్త. జవాబు వర్గమూలంతో వస్తే, దశాంశాల్లోకి మార్చి మూడు అంకెల దగ్గర తుంచి పెట్టొద్దు. అప్పుడు సున్నా రాదు, సున్నాకి దగ్గరగా ఏదో చిన్న సంఖ్య వస్తుంది, పిల్లలకి టెన్షన్ పట్టుకుంటుంది. వర్గమూలం గుర్తుతోనే పూర్తిగా ఇవ్వాలి.

తప్పు అడుగు లేకుండా తప్పు జవాబు ఎలా వచ్చిందని అడిగే పిల్లలు ఏటా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల కోసమే ఈ ఉద్యోగం. రెండు వైపులా ఒకే సంఖ్యతో గుణిస్తే సమానత్వం చెడదు, నిజమే. కానీ వెనక్కి రావాలంటే, ఆ సంఖ్యతో మళ్లీ భాగించగలగాలి. మనం గుణించింది (ఎక్స్ − 2)(ఎక్స్ + 2)తో. ఎక్స్ = 2 అయినచోట అది సున్నాతో గుణించడమే. 7 = 9 అన్న పచ్చి అబద్ధాన్ని కూడా రెండు వైపులా సున్నాతో గుణిస్తే 0 = 0 అని నిజమైపోతుంది. అలా సున్నా చాటున లోపలికి వచ్చినదే ఆ 2. అందుకే కసాగుతో గుణించిన ప్రతిసారీ, ఆ కసాగుని సున్నా చేసే విలువల్నే అనుమానించాలి. మిగతా విలువల దగ్గర ఈ భయం లేదు.

ఇది చెప్పాక కూడా కొందరికి, ‘2 దాదాపు జవాబే కదా, ఏదో రూల్ వల్ల తీసేస్తున్నారు’ అన్న అనుమానం పోదు. దానికి మందు టేబుల్ మోడ్. మోడ్ నొక్కి 7. అదే ఎక్స్‌ప్రెషన్ మళ్లీ టైప్ చేయాలి (మోడ్ మారిస్తే ముందు కొట్టింది పోతుంది, ఇది విసుగే). మొదలు 1, చివర 3, మెట్టు 0.5 అని ఇస్తే పట్టిక వస్తుంది. ఎక్స్ 1 దగ్గర 2. ఒకటిన్నర దగ్గర 1.857. రెండు దగ్గర ఎర్రర్. రెండున్నర దగ్గర 1.667. మూడు దగ్గర 1.6. మూలం అన్నచోట సున్నా రావాలి కదా? 2కి రెండు వైపులా విలువ ఒకటీ ముప్పావు చుట్టూ తిరుగుతోంది. సున్నా ఆ దరిదాపుల్లోనే లేదు. ఆ ఎక్స్‌ప్రెషన్‌ని సర్దితే (ఎక్స్ + 5)/(ఎక్స్ + 2) అవుతుంది, గ్రాఫ్‌లో 2 దగ్గర ఒక్క చుక్క లేచిపోయి ఉంటుంది, అంతే. ఆ చుక్క ఉండి ఉంటే దాని విలువ 7/4 అయ్యేది. పదో తరగతికి ఇంత అవసరం లేదనేవాళ్లు ఉన్నారు. ఎర్రర్‌కి పైనా కిందా ఉన్న రెండు వరసలు చూసిన పిల్లవాడు ఇంకెప్పుడూ 2 దాదాపు జవాబే అనడు, నాకు అది చాలు.

సాల్వ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో అందరూ చూపించేది దాన్నే. షిఫ్ట్ నొక్కి కాల్క్ నొక్కితే సాల్వ్. ఇక్కడ సమీకరణాన్ని ఈక్వల్ టు తో సహా టైప్ చేయొచ్చు. ఆ ఈక్వల్ టు ఆల్ఫాతో వచ్చే ఎర్రది, కింద కుడిమూల ఉన్నది కాదు. ఇది న్యూటన్ పద్ధతితో వెతుకుతుంది. మనం ఒక అంచనా ఇస్తే అక్కడి నుంచి మొదలుపెట్టి అడుగడుగునా సున్నా వైపు జరుగుతుంది. ఒకసారికి ఒక్క మూలమే ఇస్తుంది. మనం అంచనా ఇవ్వకపోతే ఎక్స్‌లో అంతకుముందు మిగిలిపోయిన విలువ దగ్గర మొదలుపెడుతుంది.

మన లెక్కనే తీసుకుని న్యూటన్ పద్ధతిని కాగితం మీద చేసి చూడండి. −4 దగ్గర మొదలుపెడితే తర్వాత −4.67, ఆ తర్వాత −4.96, అలా చకచకా −5కి చేరుతుంది. 3 దగ్గర మొదలుపెడితే తర్వాతి అడుగే 16 దాటిపోతుంది, అక్కడి నుంచి ఇంకా దూరం. హారంలో ఎక్స్ ఉన్న సమీకరణాల్లో ఇదే చిక్కు: మధ్యలో గ్రాఫ్ తెగిపోయి ఉంటుంది, తెగిన చోటికి అటు ఉన్న మూలాన్ని ఇటు నిలబడి పట్టుకోవడం ఈ పద్ధతికి కష్టం. జవాబు దొరకకపోతే దొరకలేదనే చెబుతుంది. జవాబు చూపించినప్పుడు దాని కింద ఎల్ మైనస్ ఆర్ అని ఒక వరస ఉంటుంది, ఎడమ కుడి వైపుల మధ్య తేడా అన్నమాట. అక్కడ సున్నా ఉందో లేదో చూడకుండా పై వరసని కాపీ చేయడం మా పిల్లల్లో సగం మందికి అలవాటు.

అసలు మూలమే లేని లెక్క ఇస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్స్/(ఎక్స్ − 3) + 2 = 3/(ఎక్స్ − 3). గుణించి సర్దితే 3ఎక్స్ = 9, ఎక్స్ = 3, అది కాస్తా హారాన్ని సున్నా చేసేదే. ఉన్న ఒక్క జవాబూ దొంగదే అయింది కాబట్టి ఈ సమీకరణానికి మూలం లేదు. ‘మూలం లేదు’ అని రాయడానికి పిల్లలకి చెయ్యి రాదు. లెక్క అంటే జవాబు ఉండి తీరాలని వాళ్ల నమ్మకం. 3 ఇచ్చి కాల్క్ నొక్కి ఎర్రర్ చూపించాక గానీ ఆ రెండు మాటలు రాయరు.

మంచి విషయాలు చెప్పాను కాబట్టి ఈ బటన్ చేయలేని రెండు పనులు కూడా చెబుతాను. కొనేముందు తెలియాలి.

మొదటిది మాటల్లో ఇచ్చే లెక్కలు. ఒక బస్సు 180 కిలోమీటర్లు వెళ్లాలి. వేగం గంటకి 15 కిలోమీటర్లు పెంచితే గంట ముందు చేరుతుంది. మామూలు వేగం ఎంత? 180/ఎక్స్ − 180/(ఎక్స్ + 15) = 1. సర్దితే ఎక్స్² + 15ఎక్స్ − 2700 = 0, మూలాలు 45, −60. పిల్లలు −60ని కూడా ఎక్స్‌ట్రేనియస్ అని కొట్టేస్తారు. కాల్క్‌లో పెట్టి చూడండి. 180ని −60తో భాగిస్తే −3, 180ని −45తో భాగిస్తే −4, మైనస్ మూడులోంచి మైనస్ నాలుగు తీస్తే ఒకటి, అందులోంచి ఒకటి తీస్తే సున్నా. కాలిక్యులేటర్ సున్నా చూపిస్తుంది. −60 ఆ సమీకరణానికి నికార్సయిన మూలం. దాన్ని తీసేయమన్నది హారం కాదు, బస్సు. వెనక్కి నడిచే బస్సు గురించి లెక్కలో అడగలేదు. ఈ రెండు కారణాలూ వేరు, జవాబులో రాయాల్సిన వాక్యం కూడా వేరు: ఒకచోట ‘హారం సున్నా అవుతుంది కనుక’, ఇంకోచోట ‘వేగం రుణాత్మకం కాదు కనుక’.

పాలిటెక్నిక్ పిల్లలకి ఇదే సంగతి నిరోధాలతో చెబుతాను. రెండు నిరోధాలు సమాంతరంగా కలిపితే 6 ఓమ్‌లు, ఒకటి రెండోదానికంటే 5 ఓమ్‌లు ఎక్కువ. 1/ఎక్స్ + 1/(ఎక్స్ + 5) = 1/6. మూలాలు 10, −3. కాల్క్‌లో రెండూ సున్నానే ఇస్తాయి. 10, 15 ఓమ్‌లు అని రాసి −3ని ఎందుకు వదిలేశారో రాయాల్సింది మనమే. ఏ కాలిక్యులేటరూ ఆ వాక్యం రాసిపెట్టదు.

రెండోది పోగొట్టుకున్న మూలాలు. దొంగ రూటు లోపలికి రావడం ఒక సమస్య అయితే, ఉన్న మూలం బయటికి పోవడం ఇంకో సమస్య, నా అనుభవంలో రెండోదే పట్టుకోవడం కష్టం. ఎక్స్/(ఎక్స్ + 1) = 3ఎక్స్/(ఎక్స్ + 5) అని ఇస్తే రెండు వైపులా పైనున్న ఎక్స్‌ని టక్కున కొట్టేస్తారు. 1/(ఎక్స్ + 1) = 3/(ఎక్స్ + 5), జవాబు 1. కాల్క్‌లో 1 పెడితే సున్నా వస్తుంది, అంతా బాగుంది అనుకుంటారు. ఎక్స్ = 0 కూడా మూలమే, కొట్టేసినప్పుడు దాన్నే పారేశారు. ఇచ్చిన జవాబు సరైనదో కాదో కాల్క్ చెబుతుంది. ఇవ్వని జవాబు సంగతి దానికెలా తెలుస్తుంది? ఇక్కడ మళ్లీ టేబుల్ కొంత ఆదుకుంటుంది. −5 నుంచి 5 దాకా మెట్టు 1 ఇస్తే −5 దగ్గర, −1 దగ్గర ఎర్రర్, 0 దగ్గర, 1 దగ్గర సున్నాలు కనిపిస్తాయి. అయితే మూలాలు పూర్ణాంకాలైతేనే ఈ చిట్కా. పాఠ్యపుస్తకాల లెక్కలు దయగలవి కాబట్టి చాలాసార్లు పనిచేస్తుంది.

‘పరీక్షలో ఎలాగూ అనుమతి లేదు కదా, మరి ఎందుకు?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు, జేఈఈ మెయిన్‌లో ఉండదు, గేట్‌లో స్క్రీన్ మీదే వాళ్లిచ్చేది వాడాలి. పాలిటెక్నిక్, బీటెక్ పరీక్షల్లో మాత్రం ఇలాంటి ప్రోగ్రామింగ్ లేని సైంటిఫిక్ కాలిక్యులేటర్ వాడనిస్తారు. పదో తరగతి పిల్లలకి ఇది ఇంట్లో సరిచూసుకోవడానికే. నా దగ్గర నియమం ఒకటుంది: లెక్క మొదలుపెట్టకముందే మొదటి వరసలో ఎక్స్ ≠ 2, ఎక్స్ ≠ −2 అని రాయాలి. హారాలన్నీ చూసి, ఏ విలువలు నిషేధమో ముందే తేల్చాలి. జవాబు వచ్చాక ఆ వరస వైపు ఒకసారి చూస్తే చాలు, దొంగ ఎవరో తెలిసిపోతుంది. ఆ తర్వాత కాల్క్. ముందు రాసిన విలువల దగ్గరే మిషను ఎర్రర్ చూపిస్తుంటే పిల్లలకి ఆ వరస మీద గౌరవం పెరుగుతుంది. కొన్ని రోజులకి పరీక్షలో ఆ వరస దానంతటదే చేతికి వచ్చేస్తుంది. పుస్తకాల్లో చాలాచోట్ల ఆ నిషేధాన్ని లెక్క పక్కనే ముందుగా అచ్చేసి ఇస్తారు. నాకది నచ్చదు. పిల్లలు చేయాల్సిన పనిలో ముఖ్యమైనది పుస్తకం రాసినవాళ్లే చేసి పెట్టినట్టు.

ఫోన్లో ఫొటో తీస్తే అడుగులతో సహా చెప్పే యాప్‌లు ఉచితంగా ఉన్నాయి కదా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఉన్నాయి. అడుగులు బాగానే చూపిస్తాయి. నా అభ్యంతరం రెండు ముక్కలు: లెక్క చేయకముందే జవాబు కనిపిస్తుంది, చేసిన తర్వాత చేతిలో ఫోనే ఉంటుంది. ఈ మిషన్‌కి జవాబు మనం చెప్పాలి, అది సరేనా కాదా చెబుతుంది. వాట్సాప్ రాదు.

ఇక లోపాలు. స్క్రీన్‌కి వెనక లైటు లేదు, కరెంటు పోయినప్పుడు ఎమర్జెన్సీ లైటు కింద వంచి వంచి చూసుకోవాలి. ఒక్కో బటన్ చుట్టూ తెలుపు, పసుపు, ఎరుపు మూడు రాతలు. కొత్తవాళ్లకి ఏది షిఫ్ట్‌తో, ఏది ఆల్ఫాతో అని అర్థం కావడానికే కొన్ని రోజులు పడుతుంది. ఎక్స్ ఉన్న భిన్నాలు మూడు కొట్టేసరికి ఆల్ఫా ఎన్నిసార్లు నొక్కామో లెక్కుండదు. పుస్తకంలో తెలుగు లేదు. కాల్క్ వాడకం అందులో ఉంది కానీ, దాన్ని ఇలా జవాబులు సరిచూడ్డానికి వాడొచ్చని పిల్లలకి తట్టేలా లేదు. దుకాణాల్లోనూ ఎవరూ చెప్పరు. అక్కడ వర్గ సమీకరణం ఒకటి కొట్టి చూపిస్తారు, మనం డబ్బులిచ్చేస్తాం.

నకిలీల సంగతి. మా పిల్లల్లో ఒకడు పేరు చెప్పనక్కర్లేని ఒక దుకాణంలో సగం ధరకి వస్తుందని తెచ్చుకున్నాడు. పైకి అచ్చు ఇదే. బటన్లు నొక్కితే రెండోసారికి గానీ దిగవు, వెనక ప్యానెల్ అతుకు దగ్గర వేలు గీసుకుంటుంది, బిల్లు అడిగితే ‘దీనికి బిల్లేంటి బాబూ’ అన్నారట. బిల్లు ఇవ్వని చోట కొనకండి, ధర మరీ తక్కువైతే అస్సలు కొనకండి.

స్టార్లు ఇవ్వాలంటే నాలుగు. కాల్క్‌కి ఐదు, సాల్వ్‌కి మూడు, పుస్తకానికి ఒకటి. కొత్తగా వస్తున్న సిడబ్ల్యూ మోడల్‌లో బటన్ల అమరిక బాగా మారింది, కొనేముందు చేతిలోకి తీసుకుని కాల్క్ అనే బటన్ ఉందో లేదో చూసుకోండి. 82 ఎంఎస్ చవగ్గా వస్తుంది కానీ అందులో కాల్క్ లేదు. ఇంట్లో అన్నయ్యదో అక్కదో పాత 991 ఎంఎస్ ఉంటే మాత్రం కొత్తది కొనాల్సిన పనిలేదు. కాల్క్ అందులోనూ ఉంది. భిన్నాలకి బ్రాకెట్లు మర్చిపోకుండా పెట్టుకుంటే ఇదే పని చేసిపెడుతుంది.